పై సగం

తెల్లారేసరికి ఫిర్మాన్ ముఖం నిండా మసి. రాత్రంతా కునుకు లేదు. అయినా ఒళ్లు మండిపోతూనే ఉంది.

ఫ్రాన్సులో, షబ్లీ కొండవాలు మీది ద్రాక్షతోటను తండ్రి ఇద్దరు కొడుకులకూ చెరిసగం రాసి, మంచి సగం ఎప్పుడూ ఒకరికే దక్కకుండా వంతులు కూడా పెట్టిపోయాడు. తమ్ముడు ఆన్సెల్మ్ ట్రాక్టరు మీంచి పడి, తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. సరిగ్గా తీగలు లేతమొగ్గలు వేసే ఏప్రిల్లో గడ్డమంచు ముంచుకొచ్చింది. ఊరు ఊరంతా ఆ వేడికి మొగ్గల మీద మంచు పట్టకుండా వరసల మధ్య మైనం డబ్బాలు వెలిగించి కాపలా కాసింది.

తమ్ముడి వాటాలో కూడా నాలుగు డబ్బాలు పెట్టమని పక్కతోట బెర్త్ ముసలమ్మ బతిమాలింది.

"వాడి మొగ్గలకి అగ్గిపుల్ల కూడా గీయను," అన్నాడు ఫిర్మాన్. "నాన్న గానుగని అమ్ముకు తిన్న వెధవ వాడు."

తాతలనాటి ద్రాక్షగానుగ అది. అన్నను ఒక్కమాట అడక్కుండా అమ్మేశాడు. ఇప్పుడది పారిస్‌లో ఏదో హోటలు గుమ్మంలో పూలకుండీలు మోస్తోందట. తలుచుకున్నప్పుడల్లా ఫిర్మాన్ పిడికిళ్లు బిగుసుకుంటాయి. రెండేళ్లుగా అన్నదమ్ములకు మాటల్లేవు.

చలికాలమంతా తన చేత్తో తీగలు కత్తిరించిన పై సగం నిండా డబ్బాలు వెలిగించాడు. మిగిలినవి కొట్టంలో పడేసి తాళం వేశాడు. తెల్లారి చూస్తే పై సగం పచ్చగా నిలిచింది. కింది సగం ఉడికించిన తోటకూరలా తలవాల్చింది. మొగ్గ మాడితే ఆ ఏడు గుత్తి లేదు, వైను లేదు.

తగిన శాస్తి జరిగిందనుకున్నాడు. అయినా కోపం చల్లారలేదు. చేతులైనా కడుక్కోకుండా తమ్ముడింటికి బయల్దేరాడు. గానుగ అమ్ముకున్నవాడికి ద్రాక్షపళ్లెందుకని మొగుడికి బదులు ఆ పెళ్లాన్నే అడగాలి. దారి పొడుగునా ఆ మాటనే నూరుకుంటూ నడిచాడు.

మరదలు ఒదీల్ తలుపు తీసింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు ఉబ్బాయి. అది చూసి ఫిర్మాన్‌కు కడుపు నిండినట్టయింది.

"తోట చూశావా?" అన్నాడు.

ఒదీల్ అతని మసిచేతులు రెండూ పట్టుకుంది.

"రాత్రంతా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను బావగారూ, ఎప్పట్లాగే మొన్న ఈస్టర్‌కి వంతులు మారి పై సగం మాకొచ్చింది కదా, మీ కింది సగాన్ని మంచుకొదిలేసి మరీ మా మొగ్గలు కాపాడారు."