పేరొక్కటే

కోదాడలో ఆదివారం ఆరాధన అయ్యాక, రూతమ్మ కూతురు కెజియా ఐస్ హాకీ ఆడటం చూడాలని చర్చి ఆడవాళ్లు రూతమ్మ ఇంట్లోనే టీవీ ముందు కూర్చున్నారు.

రెఫరీ ఈల వేశాడు. వీపున కెజియా అని పేరున్న పిల్ల, తప్పు చేసినవాళ్లను కూర్చోబెట్టే అద్దాల గదిలోకి వెళ్లింది.

"గామె మన కెజియానే గదా?" అందొకామె.

"కాదు. పేరొక్కటే. మా పిల్ల ఇంకా దిగలే," అంటూ రూతమ్మ టీవీ ఆపేసింది.

సాయంత్రం ఫోనులో కూతుర్ని అడిగింది. "ఏం తప్పు జేసినవ్ బిడ్డా?"

"నేనేం జెయ్యలేదమ్మా. గోల్‌కీపర్ తప్పు జేస్తే ఆమె బదులు ఇంకొకరు కూసోవాలె. నేను కూసుంటనన్న."

రూతమ్మ తాను ఆపేసిన టీవీ వైపు చూసింది.

"హెల్మెట్ పెట్టుకున్న గదా, మనోళ్లు గుర్తువట్టిన్రా?"

"అందరు గుర్తువట్టిన్రు బిడ్డా. నేనే పట్టలే."