తెంపిన చిక్కుళ్లు

తెల్లారేసరికి ఆకాశం కడిగిన పళ్లెంలా తేటపడింది. కానీ రాత్రి వానకు ఊరికి అటూ ఇటూ ఉన్న రెండు వాగులూ పొంగి, వాళ్లొచ్చిన కిరాయి జీపు ఊళ్లోనే చిక్కుపడిపోయింది.

"ఖిల్లా చూసినం, నేలకొండపల్లి స్తూపం చూసినం. ఇగ ఇంటికి పోకుండ దోస్తును చూడాలని ఈ అడవిల పడేసినవ్" అని తబిత భర్త మీద విసుక్కుంది.

"వాగు తగ్గనియ్యి" అన్నాడు శాంతికుమార్.

వచ్చినప్పటి నుంచీ ఆ దోస్తు ఇంట్లో పూట పూటకూ జొన్న అంబలే. కంచె నిండా చిక్కుళ్లు వేలాడుతున్నా ఒక్కటీ తెంపరు. ఎంత పిసినారులో అనుకుంది తబిత. ఇంటి ఇల్లాలు లచ్చక్క నీళ్లకు వెళ్లగానే, తానే ఒడినిండా తెంపుకొచ్చి ఈనెలు తీయసాగింది.

బిందెతో వచ్చిన లచ్చక్క గడపలోనే నిలబడిపోయింది. వెనకే ఆమె భర్త ముత్తయ్య.

"మీకు గూడ కలిపే వండుతున్న అక్కా" అంది తబిత.

లచ్చక్క బిందె దించి ముత్తయ్య వైపు చూసింది.

"మా కోయోళ్లకు చిక్కుడు పండుగ కావాలె చెల్లే. అప్పటిదాక కొత్త కాయ ముట్టం" అన్నాడు ముత్తయ్య. "మీరు తినుండ్రి, ఏం కాదు."

తబిత భర్త వైపు చూసింది. "నీకు ఎరకేనా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

ముత్తయ్య నవ్వాడు. "హాస్టల్ల నా వంతు చిక్కుడు కూర గూడ నువ్వే తింటివి గదరా! ఎందుకిస్తున్ననో ఒక్కనాడన్న అడిగినవా?"

శాంతికుమార్ తల దించుకున్నాడు. వాగు హోరు ఇంట్లోకి వినిపిస్తోంది. లేచి వెళ్లిపోదామన్నా దారి లేదు.

తబిత కాయలన్నీ చాటలోకి ఎత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుంది.

"అక్కా, మాకు గూడ అంబలే పొయ్యి."

నలుగురూ పొయ్యి చుట్టూ కూర్చుని, తలెత్తకుండా అంబలి తాగారు.