పంటి గాటు

కొత్త కట్టుడు పళ్లలో ముందు పన్నుకు చిన్న గాటు కనిపించింది. పోయిన మా ఆయన దర్జీ. దారం కొరికి కొరికి ఆయన పంటికి సరిగ్గా అక్కడే గాటుండేది. నా రవిక చిరిగితే ఒంటి మీదుండగానే కుట్టి, దారం పంటితో తెంపేవారు.

"ఎవరో వాడేసినవి నాకు అంటగట్టావా నాయనా?" అని పళ్ల డాక్టరును నిలదీశాను.

"మీ నోటి అచ్చు తీసి చేయించాను పిన్నిగారూ. మీ నోటికి సాటి ఇంకో నోరుంటుందా?" అని నవ్వాడు.

నాకు నమ్మకం కుదరలేదు. విసురుగా లేస్తే కుర్చీకి తగులుకుని భుజం దగ్గర రవిక చిరిగింది. అలాగే ఇంటికొచ్చాను. ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. రేపు కుట్టుకోవచ్చులే అనుకుని, పళ్లు గ్లాసు నీళ్లలో వేసి ఆ రవికతోనే పడుకున్నాను.

చీకట్లో చెవి పక్కనే దారం తెగిన చప్పుడైంది. లేచి దీపం వేశాను. పళ్లు గ్లాసులోనే ఉన్నాయి. నీళ్లు మాత్రం ఇంకా ఊగుతున్నాయి.

భుజం తడుముకున్నాను. చిరుగు కుట్టేసి ఉంది. ముడి దగ్గర తడిగా తగిలింది.