మంచివాడని సాక్ష్యం

"జనం కట్టాల్సిన మొదటి ప్రీమియం మీరే కట్టి పాలసీలు చేయించారని ఫిర్యాదు. ఏమంటారు?" అని అడిగాడు విచారణాధికారి రామకోటేశ్వరరావు.

"కట్టలేదండి," అన్నాడు బీమా ఏజెంటు జయకృష్ణ.

అబద్ధమే. ఏజెంటు తన కమీషన్ తీసి ఎవరి ప్రీమియమూ కట్టకూడదు. కట్టినట్టు రుజువైతే లైసెన్సు రద్దు, పైన లక్షల్లో జరిమానా. అయినా ఆ పని చెయ్యని ఏజెంటు ఉంటే చూపించమనండి. జయకృష్ణ మీద పిటిషన్ పెట్టిన ఏజెంటు కూడా చేస్తాడు. కాకపోతే దొరికినవాడు ఇతను. యాభై రెండేళ్ళొచ్చాయి, ఈ లైసెన్సు పోతే ఇంకో పని చేతకాదు.

ఫిర్యాదుకు కాగితం ముక్క కూడా ఆధారం లేదు. అధికారి ఫైలు మూసెయ్యబోతుంటే ఓ ఆడమనిషి దణ్ణం పెడుతూ లోపలికొచ్చింది. పేరు అమలమ్మ, ఊరు పామర్రు పక్కన. బాబుగారి లైసెన్సు తీసేస్తారని తెలిసి, ఆయనెలాంటి మనిషో చెప్పడానికి బెజవాడ దాకా వచ్చిందట.

జయకృష్ణ గబుక్కున కుర్చీలోంచి లేచాడు. "అమలమ్మా, నువ్వు ఇంటికెళ్ళమ్మా," అన్నాడు. సాక్షితో మాట్లాడొద్దని అధికారి గద్దించాడు.

ఆమె నిలబడే చెప్పుకొచ్చింది. భర్త జాన్ పాల్ చెరకు లోడు మీంచి పడి చనిపోతే, బీమా డబ్బు చేతికొచ్చేదాకా బాబుగారే ఆఫీసుల చుట్టూ తిరిగాడట. పిల్లలు ఇవాళ బడికెళ్తున్నారంటే ఆయన చలవేనట. జయకృష్ణ వద్దు వద్దని తల ఊపుతూనే ఉన్నాడు. పొగిడితే మొహమాటపడుతున్నాడనుకుంది ఆమె.

"అసలు మా దగ్గర డబ్బులెక్కడివండీ. మొదటి కిస్తీ బాబుగారే జేబులోంచి కట్టారు. ఇప్పటిదాకా తిరిగి అడగలేదు. ఇలాంటి మనిషి మీద రాసినోళ్ళకి కళ్ళు పోతాయండి."

రామకోటేశ్వరరావు ఆమె వంక జాలిగా చూశాడు. ఆయనా చెడ్డవాడేం కాదు. విన్నది రాయకుండా ఉండలేడు, రాయడానికి చెయ్యి రావడం లేదు. చివరికి రాసి, ఆమె చేత సంతకం పెట్టించుకున్నాడు. తర్వాత చాలాసేపు ఫైలు అటూ ఇటూ తిప్పాడు.

"ఒక్కరి సాక్ష్యంతో ఏదీ తేల్చలేం లెండి," అన్నాడు జయకృష్ణతో, గొంతు తగ్గించి.

అంటే హెచ్చరించి వదిలేస్తాడన్నమాట. జయకృష్ణకు పోయిన ప్రాణం లేచొచ్చింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, అమలమ్మను ఇక పదమన్నట్టు తలుపు వైపు చెయ్యి చూపించాడు.

ఆమె కదల్లేదు.

"నా ఒక్కదాని మాట చాలదని నాకూ తెలుసండి. అందుకే బాబుగారు కిస్తీ కట్టినోళ్ళందర్నీ రెండు ఆటోల్లో తీసుకొచ్చాను, పైకి రమ్మంటారా?"