సంచి పైలం

శ్యామల సంచి సర్దుతోంది.

పిల్లలకు రెండేసి జతల బట్టలు, తువ్వాలలు, పసుపు కుంకుమ, డబ్బా నిండా సర్వపిండి. దసరా సెలవులు. మందమర్రి నుంచి ధర్మపురి, అక్కడి నుంచి కొండగట్టు. బొగ్గు బావిలో పనిచేసే భర్త రాకేశ్‌కు దొరికిన సెలవు మూడే రోజులు.

ఏమీ మరచిపోకూడదని సంచి రెండుసార్లు విప్పి చూసుకుంది.

గడపలో అత్త అనసూర్య నిలబడింది.

"పిల్లలు పైలం బిడ్డా. గోదారి గంగ నిండుగున్నదట."

"నాకెరుక లేదా అత్తమ్మా? నేను కన్నోళ్లే గద!"

ధర్మపురిలో ఇసుక వేస్తే రాలనంత జనం. లాడ్జిలో పన్నెండు దాటితే గాని గది ఇవ్వమన్నారు. గోదావరి స్నానాలు ముగించి, పిల్లలకు కొత్త బట్టలు తొడిగారు. రాకేశ్ గుడి దాకా వెళ్ళి ఉసూరుమంటూ తిరిగొచ్చాడు.

"లైన్ బయటిదాక ఉన్నది. పిల్లలు ఆగుతరా? గీ సంచి ఒకటి మోసుడు!"

శ్యామలకు వెంటనే ఉపాయం తట్టింది. ఏడేళ్ల నవనీతను స్నానాల రేవు మెట్టు మీద కూర్చోబెట్టింది. పక్కన నాలుగేళ్ల బంటిని కూర్చోబెట్టింది.

"గీ సంచిల రెండు సెల్లులున్నయ్, డాడీ పర్సున్నది. సంచి పైలం. ఎవలు పిలిచినా లేవకు. గిట్ల పోయి గట్లొస్తం."

గిట్ల పోయి గట్ల రావడానికి గంటన్నర పట్టింది.

నొసట కుంకుమతో, చేతిలో పులిహోర పొట్లాలతో మెట్లు దిగుతుంటే శ్యామల కళ్ళు ముందు సంచినే వెతికాయి.

ఉంది. దాని మీద ఎక్కి నవనీత కూర్చుని ఉంది, పట్టీలు రెండు చేతులా పట్టుకుని.

బంటి లేడు.

"తమ్ముడేడే?"

నవనీత కిందికి వేలు చూపింది.

నాలుగు మెట్ల కింద, తల నెరిసిన ఒక ఆడమనిషి వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఉంది. తన తడి కొంగును వాడి నడుముకు ముడివేసింది. వాడి ఒంటి మీద కొత్త బట్టలు లేవు. మోకాళ్ల దాకా వేలాడే పాత గళ్ల అంగీ ఉంది.

శ్యామల ఒక్క ఊపున దిగింది.

"ఎవలు నువ్వు? నా కొడుకును దూడను కట్టినట్టు కట్టేసినవేంది?"

ఆమె లేవలేదు. ముడి మాత్రం విప్పింది.

"నీ కొడుకా? ఇంత సేపు యాడున్నవ్?"

"దేవుని దగ్గరికే పోయినం, సిన్మకు గాదు!"

"దేవుడు అడిగిండా, పిల్లలను గంగ ఒడ్డున పడేసి రమ్మని?" ఆమె పై మెట్టు మీది సంచి వైపు చెయ్యి చూపింది. "సంచికి పిల్లలను కావలి పెట్టినవ్. పిల్లలకు ఎవలను కావలి పెట్టినవే?"

చుట్టూ జనం చేరారు. శ్యామలకు తల కొట్టేసినట్టయింది. సిగ్గు కోపంగా మారడానికి ఎంతసేపు!

"పిల్లలను ఎత్తుకపోయేటోళ్లే గిట్ల నీతులు చెప్తరు. పోలీసులను పిలువుండ్రి!"

"పిలువు. నేను గూడ వాళ్లకు చెప్పేది ఉన్నది."

రాకేశ్ ముందుకొచ్చాడు. "ముసలమ్మా, నోరు జర సంబాళించుకో. మా పిల్లలు, మా ఇష్టం."

శ్యామల బంటి ఒంటి మీద నుంచి ఆ అంగీని లాగేసింది. గుప్పున కలరా ఉండల వాసన కొట్టింది.

"ఎవని పాత గుడ్డలో నా కొడుక్కు తొడుగుతవా!"

విసిరేసింది.

అంగీ మెట్ల మీద పడలేదు. నీళ్లలో పడింది.

ఆమె చటుక్కున లేచి రెండు మెట్లు దిగింది, చెయ్యి చాచింది. అందలేదు. గళ్ల అంగీ చేతులు చాపుకుని, ప్రవాహంలో మెల్లగా తిరిగి కిందికి సాగింది.

ఆమె ఖాళీ గుడ్డసంచి చంకన పెట్టుకుని, ఒడ్డు వెంట దాని వెనకే నడిచింది.

"మమ్మీ," పైనుంచి నవనీత పిలిచింది. "బంటిగాడు నీళ్లల్ల పడ్డడు."

శ్యామల చేతిలో పొట్లాలు జారాయి.

"నేను గట్టిగ ఒర్రిన. లేవలే. సంచి మీదికెల్లి లేవద్దన్నవ్ గద. గా అవ్వ దుంకి పట్టుకొచ్చింది. పొడి బట్టలు తీస్త, సంచి ఇయ్యమన్నది. నేను ఇయ్యలే."

శభాష్ అంటుందని తల్లి ముఖంలోకి చూసింది.

అప్పుడు కనిపించాయి శ్యామలకు, పక్క మెట్టు మీద పరిచి ఉన్న బంటి కొత్త బట్టలు. ఇంకా నీళ్లు కారుతున్నాయి.

"అవ్వా! ఓ అవ్వా!" అంటూ ఒడ్డు వెంట పరుగెత్తబోయింది.

మెట్ల మీద దీపాలమ్మే మల్లన్న అడ్డు నిలిచాడు.

"ఇప్పుడెందుకమ్మా? కిష్టవ్వ ఇగ వినదు. దాని చూపంత అంగీ మీదున్నది."

"గా అంగీ ఎవలదన్నా?"

"తానం చేసినంక కొడుక్కు తొడగాలని తెచ్చింది. ఇరవై ఏండ్లు దాటె, గా సంచిల్నే మడతపెట్టి ఉన్నది. ఎవల పిల్లలు ఒక్కలే కనవడ్డా పక్కకు పోయి కూసుంటది గని, అంగీ ఎన్నడు బయటికి తియ్యలే. ఇయ్యాల నీ కొడుకు చలికి వణుకుతుంటే తీసింది."

శ్యామల వెనక్కి తిరిగి, బంటిని దగ్గరికి లాక్కుని కొంగు చుట్టింది.

"అది గూడ నీ లెక్కనే, సంచి పైలమని పిల్లగానికి చెప్పి గుడికి పోయిందమ్మా. సంచి యాడ పెట్టింది ఆన్నే దొరికింది."

కిష్టవ్వ కొడుకు ప్రేమ్‌సాగర్, ఐదేళ్లవాడు, 2003 పుష్కరాల ఐదో రోజు మధ్యాహ్నం నవనీత కూర్చున్న ఆ మెట్టు మీద నుంచే నీళ్లలోకి దిగాడు, మళ్ళీ రాలేదు.