రెక్కల బోల్టులు

“ఇది ఆ రకం విమానం కాదని ఎట్ల నమ్మాలె?” టికెట్టును వెలుతురుకెత్తి చూస్తూ అడిగాడు రామ్‌కిషన్.

అమెరికాలో ఒకటి కూలిందని, ఆ రకం విమానాలన్నింటినీ నిలిపివేశారని పేపర్లో చదివిన నాటి నుంచి, జహీరాబాదులోని ఈ లారీ మెకానిక్కు కంటి మీద కునుకు లేదు. దుబాయి షెడ్డులో రెండేండ్ల కొలువు, రేపే ప్రయాణం.

“బొంబాయికెల్లి టెలిగ్రాం వచ్చింది, చూడు. వేరే విమానం పెట్టిన్రు,” అన్నాడు టికెట్ల ఏజెంటు సదాశివ.

“టెలిగ్రాం నువ్వే కొట్టించుకున్నవేమో!”

“ఏందన్నా, లారీ కింద దూరినట్టు విమానం కింద దూరి చూస్తవా?”

“చూడనిస్తే చూస్త. గా రెక్కల బోల్టులు బిగించినోడు అండ్ల కూసుంటడా?”

అంతదాకా ఏజెంటు ఆఫీసు గుమ్మంలో నిలబడి వింటున్న భార్య సుమిత్ర మెల్లగా అంది: “ఇంటికాడ ఒక్క దినం ఉండబుద్ధైన డ్రైవర్లు నీ దగ్గరికొచ్చి ఉత్తగనే బ్రేకు పడ్తలేదంటరు. నువ్వు నవ్వి, చక్రం ఊడదీసి పెడ్తవు గద.”

రామ్‌కిషన్ టెలిగ్రాం అందుకున్నాడు. అది నిజమైనదేనని అతనికి చూడగానే తెలిసింది. తెలిశాక గుండె తేలికపడాలి, బరువెక్కింది. ఆ అనుమానమంతా ఎక్కడ పుట్టిందో అప్పుడు కనిపించింది.

“నాకు పోబుద్ధైతలేదు,” అన్నాడు.

సుమిత్ర అతని చేతిలోని టికెట్టు తీసి సదాశివ ముందు పెట్టింది.

“గీ మాట నాకు చెప్పనీకి, గంత పెద్ద విమానాన్ని అడ్డం పెట్టుకున్నవా?”