పదకొండు సంతకాలు

"ఎలా తగిలింది నాయనా?"

"బాత్రూమ్‌లో జారిపడ్డాను."

రంగులేసే మేస్త్రి ఆ మాట నేలతో చెప్పాడు. కుడిచెంప కమిలి నల్లబడింది. కుడిచెవిలోంచి రసి కారుతోంది.

టీచరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. బడి నుంచి రిటైరయ్యాక, లాకప్పులు తనిఖీ చేసే కమిటీలో చేరిందామె. గదిలో పోలీసులెవరూ ఉండకూడదని నియమం. లేరు.

"బాత్రూమ్‌కి చేతులుండవు. కొట్టిందెవరు?"

మేస్త్రి తలుపు వైపు చూశాడు. "కళ్లకు గుడ్డ కట్టారమ్మా. ఒక్కడే. మాట్లాడడు. కొడతాడంతే. మీరటు వెళ్లగానే మళ్లీ వస్తాడు."

కొట్టినవాడు ఫలానా అని రాస్తేనే మేస్త్రిని ఈ పూటే ఇక్కడి నుంచి తప్పిస్తారు. పేరు లేని రిపోర్టుకు బీరువాయే గతి.

ఆమె తన రెండు చేతులూ గాల్లో ఆడించి చూసుకుంది. ఎదురుగా నిలబడి కుడిచెంప పగలగొట్టాలంటే ఎడమచేతివాటం ఉండాలి.

హాల్లోకొచ్చి పోలీసుల హాజరుపుస్తకం తెరిచింది. "అందరూ నా కళ్లముందు సంతకం పెట్టండి."

"మళ్లీ చూచిరాతా టీచర్?" స్టేషన్ ఆఫీసరు నవ్వాడు. చిన్నప్పుడు ఆమె దగ్గర చదువుకున్నవాడే. ముందు తనే పెట్టాడు. గుండ్రటి అక్షరాలు, గీత గీసినట్టు వరుస.

"నీ దస్తూరి చెడలేదురా."

"అంతా మీ చలవే."

పదకొండుమంది. పదకొండు సంతకాలు. అన్నీ కుడిచేత్తోనే.

'కొట్టిన వ్యక్తిని గుర్తించలేకపోయాము' అని రాసింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె అక్షరం వంకరపోయింది. కవరుకు సీలు వేసింది. సీలు పడ్డాక దాన్ని విప్పే హక్కు ఆమెకు కూడా లేదు.

గుమ్మంలో మేస్త్రి భార్య, మొగుడి ఉతికిన చొక్కా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఇవాళ పంపించేస్తారా అమ్మా?"

టీచరమ్మ కవరును చంకలో ఇరికించుకుంది. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ మెట్టు దిగబోయింది. కాలు తడబడింది. కళ్లజోడు చేజారింది.

"చూసుకుని టీచర్." వెనకే వస్తున్న స్టేషన్ ఆఫీసరు దాన్ని చటుక్కున గాల్లోనే పట్టుకున్నాడు, ఎడమచేత్తో.

రెండో తరగతిలో ఆ చేతి కణుపులు చిట్లేదాకా బెత్తంతో కొట్టి, బలపాన్ని కుడిచేతికి మార్పించింది ఆమే.